కంప్యూటర్ మైక్ మూగబోతే, మాట ఎక్కడ ఆగినట్టు?

సంక్షిప్తంగా: మైక్ పనిచేయకపోవడం ఒకే రకమైన లోపం కాదు. పెదవి దాటిన మాట అవతలి వ్యక్తి చెవికి చేరేలోపు మైక్ రంధ్రం, తీగ, చిప్, డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), విండోస్, అనుమతి, యాప్ అనే అంచెలన్నీ దాటాలి. వాటిలో ఏది మూసుకున్నా బయటికి కనిపించే లక్షణం నిశ్శబ్దమే. అందుకే హెడ్‌సెట్ మార్చినా సమస్య చాలాసార్లు తీరదు. దారిని మధ్యకు విడదీసి, మాట ఏ సగంలో ఆగిందో ముందు తేల్చుకుంటే వెతుకులాట చాలా తగ్గుతుంది.

సోమవారం ప్రజావాణికి అర్జీలతో నల్లగొండ కలెక్టరేట్‌కు వచ్చేవారు దగ్గర్లోని డీటీపీ, జిరాక్స్ సెంటర్ల వద్ద ఆగడం మామూలే. గూగుల్ వాయిస్ టైపింగ్‌లో 2017 ఆగస్టులో తెలుగు చేరాక, కీబోర్డుపై ఒక్కో అక్షరం వెతుక్కోకుండా అర్జీలోని సంగతిని నోటితో చెప్పి రాయించే వీలు అటువంటి సెంటర్లకు కలిగింది. నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నుంచి గానీ, మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం నుంచి గానీ పట్టా పుచ్చుకున్న యువతకు తొలి ఇంటర్వ్యూ హైదరాబాద్ ఆఫీసు గదిలో కాక ల్యాప్‌టాప్ తెర మీదే ఎదురవుతున్న రోజులివి. ఈ రెండు పట్టణాలకూ 2023లో ఐటీ టవర్లు వచ్చాయి. ఇన్ని పనులు మైక్ మీద ఆధారపడ్డాక, 2020 నాటి ఆన్‌లైన్ తరగతుల్లో ఊరూరా వినిపించిన “సార్, మీ వాయిస్ వస్తలేదు” అన్న మాటకు ఇప్పుడు విలువ పెరిగింది. ఇంటర్వ్యూలో ఆ మాట వినిపించిన క్షణం నుంచి సెట్టింగ్స్ వెతికే ప్రతి నిమిషం అభ్యర్థి ఖాతాలోనే పడుతుంది.

ఎందుకింత గందరగోళం

ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ప్రింటరే ఆ సంగతి చెబుతుంది. నెట్ పోతే బ్రౌజర్ చెబుతుంది. మైక్ విషయంలో అటువంటి హెచ్చరిక అరుదు. మైక్ నుంచి వచ్చే సంకేతం కంప్యూటర్‌కు సంఖ్యల వరుస మాత్రమే, అందులో అన్నీ సున్నాలే ఉన్నా అది చెల్లే సంకేతమే. మనిషి మాట్లాడడం లేదా, తీగ తెగిందా, మ్యూట్ నొక్కి ఉందా అన్న తేడా ఆ సున్నాల్లో కనిపించదు.

ఫోన్‌లో ఈ చిక్కు తక్కువగా రావడానికి కారణం ఉంది. ఫోన్‌లోని మైక్, చిప్, సాఫ్ట్‌వేర్ ఒకదానికొకటి సరిపడేలా ఒకే తయారీదారు కూర్చి, పరీక్షించి అమ్ముతాడు. కంప్యూటర్‌లో ధ్వని చిప్ ఒక కంపెనీది, డ్రైవర్ ఇంకొకరిది, విండోస్ మైక్రోసాఫ్ట్‌ది, హెడ్‌సెట్ బజారులో దొరికినది, మీటింగ్ యాప్ మరెవరిదో. అసెంబుల్డ్ సిస్టమ్ అయితే వీటికి బిగించినవారి పనితీరు కూడా కలుస్తుంది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో నీరు అందకపోతే రైతు పొలం మడవ దగ్గరే కూర్చోడు, కాలువ గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. ఏ తూము దించి ఉందో, నీరు ఎక్కడ మళ్లిందో కళ్లతో చూశాకే మాట్లాడతాడు. మైక్ విషయంలోనూ తగిన పద్ధతి అదే. అయితే గట్టు ఎక్కడ మొదలవుతుందో తెలిసి ఉండాలి.

మాట నడిచే దారి

తీగ హెడ్‌సెట్లలోని చిన్న మైకుల్లో చాలావాటికి మూలం 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ రూపొందించిన ఎలెక్ట్రెట్ మైక్. విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలుపుకున్న పలుచని పొర గాలి ఒత్తిడికి కదిలినప్పుడు అతి స్వల్పమైన వోల్టేజీ మార్పు పుడుతుంది. ఆ మార్పును బయటికి మోయగలిగేలా చేసే చిన్న ట్రాన్సిస్టర్ మైక్ లోపలే ఉంటుంది, దానికి కావలసిన కొద్దిపాటి విద్యుత్తును కంప్యూటర్ అదే పిన్ను ద్వారా అందిస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో, వెబ్‌క్యామ్‌కు అటూ ఇటూ సూది మొన అంత రంధ్రాల వెనక ఉండేవి సిలికాన్‌పై చెక్కిన మరీ చిన్న మైకులు, వాటిని మెమ్స్ మైకులంటారు.

అక్కడి నుంచి సంకేతాన్ని ధ్వని చిప్ పెంచి, సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలను డ్రైవర్ విండోస్‌కు ఇస్తుంది. ఉన్న మైకులలో ఏది వాడాలో, ఏ యాప్‌కు ఇవ్వాలో విండోస్ నిర్ణయిస్తుంది. యాప్ తన వంతుగా రొద తగ్గించి, కుదించి, నెట్‌లోకి పంపుతుంది. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో మాత్రం కొలిచి అంకెలుగా మార్చే పని హెడ్‌సెట్ లోపలే జరిగిపోతుంది కాబట్టి అది కంప్యూటర్ ధ్వని చిప్‌ను పూర్తిగా దాటవేస్తుంది. ఈ ఒక్క తేడా పరీక్షలో ఎంతో ఉపయోగపడుతుంది.

మధ్యకు విడదీసే పరీక్ష

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ అనే వరుసలో వెళ్తే ఇన్‌పుట్ కింద మైకుల జాబితా, ఎంచుకున్న మైక్ పేజీలో ధ్వని స్థాయిని చూపే ఒక పట్టీ కనిపిస్తాయి. మాట్లాడినప్పుడు ఆ పట్టీ కదిలితే రంధ్రం, తీగ, చిప్, డ్రైవర్ అన్నీ బాగున్నట్టే. ఆ తర్వాత వెతకవలసింది అనుమతులు, యాప్, బ్రౌజర్‌లలో. పట్టీ కదలకపోతే తప్పు ఇవతలి సగంలో ఉంది. జాబితాలో మైక్ పేరే లేకపోతే అది డ్రైవర్ లేదా పరికరం సంగతి. రెండు నిమిషాలు పట్టని ఈ పరీక్ష చేయకుండానే హెడ్‌సెట్ కొనడం, అది కూడా పలకకపోవడంతో సిస్టమ్ ఫార్మాట్ కొట్టించడం తరచూ జరుగుతుంది. ఫార్మాట్ తర్వాత, కింద చెప్పబోయే కారణం వల్ల, ఉన్న మైక్ కూడా పోవచ్చు.

పట్టీ కదలనప్పుడు మొదట చూడవలసినవి మ్యూట్‌లు. అవి ఒకటి కాదు: హెడ్‌సెట్ తీగ మీద జరిపే చిన్న మీట, కొన్ని హెడ్‌సెట్లలో పైకి ఎత్తితే దానంతటదే ఆగిపోయే మైక్ కొమ్ము, ల్యాప్‌టాప్ కీబోర్డుపై మైక్ బొమ్మ ఉన్న కీ, విండోస్‌లోని వాల్యూమ్ గీత. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కీ మీద చిన్న దీపం వెలిగిందంటే మైక్ ఆగి ఉందని అర్థం. దీపం వెలుగుతోంది కదా, పనిచేస్తోందని అనుకోవడం సహజమైన పొరపాటే, తప్పు ఆ గుర్తును రూపొందించిన తీరులో ఉంది.

మరొకటి ఎంపిక. వెబ్‌క్యామ్‌కు సొంత మైక్ ఉంటుంది, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కు ఒకటి ఉంటుంది, ల్యాప్‌టాప్‌కు ఒకటి. విండోస్ వీటిలో మామూలు పనులకు ఒకదాన్ని, కాల్స్‌కు వేరొకదాన్ని డిఫాల్ట్‌గా పెట్టుకోగలదు. నోటి ముందున్న మైక్‌లో మనిషి మాట్లాడుతుంటే యాప్ మాత్రం పక్క గదిలో వదిలేసిన ఇయర్‌బడ్స్‌ను వింటూ ఉండవచ్చు.

పిన్ను మీద నల్ల గీతలు

డెస్క్‌టాప్‌ల విషయంలో బాగా తికమక పెట్టేది 3.5 మిల్లీమీటర్ల పిన్ను. ఆ పిన్నును వెలుతురులో పట్టుకుని చూస్తే లోహపు కడ్డీని విడదీసే సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. రెండు గీతలుంటే మూడు భాగాలు, మూడు గీతలుంటే నాలుగు. ఫోన్‌తో వాడే హెడ్‌సెట్లకు మూడు గీతలుంటాయి: మొన ఎడమ చెవికి, తర్వాతి వలయం కుడి చెవికి, మూడోది గ్రౌండ్‌కు (కరెంటు తిరిగి వెళ్లే దారి), తీగ వైపున్న నాలుగో భాగం మైక్‌కు. ఇళ్లలో సీపీయూ అని పిలిచే పెట్టెకు మాత్రం వెనక వైపు వేర్వేరు జాక్‌లుంటాయి, స్పీకర్‌కు ఆకుపచ్చది, మైక్‌కు గులాబీ రంగుది. అవి రెండు గీతల పిన్నుల కోసం చేసినవి.

మూడు గీతల పిన్నును గులాబీ జాక్‌లో పెడితే, హెడ్‌సెట్ మైక్ భాగం సరిగ్గా ఆ జాక్‌లోని గ్రౌండ్‌కు తగులుతుంది. మైక్ సంకేతం నేరుగా భూమిలో కలిసినట్టవుతుంది. పిన్ను గట్టిగా కూర్చుంటుంది, టక్ మని శబ్దం కూడా వస్తుంది, మాట మాత్రం వెళ్లదు. ఆకుపచ్చ జాక్‌లో పెడితే పాట వినిపిస్తుంది, మైక్ పలకదు. దీనికి కావలసింది కొత్త హెడ్‌సెట్ కాదు, ఒక పిన్నును రెండుగా చీల్చే చిన్న తీగ, స్ప్లిటర్. కొంటున్నప్పుడు ఒక మెలిక గమనించాలి: ఒకే పాటను ఇద్దరు వినడానికి అమ్మే స్ప్లిటర్ కూడా చూడడానికి అలాగే ఉంటుంది కానీ ఈ పనికి రాదు. ఒక కొసపై మైక్ బొమ్మ, రెండో కొసపై హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్నదే కావాలి. ల్యాప్‌టాప్‌లలో ఒకే జాక్ ఉండి పక్కన హెడ్‌సెట్ గుర్తు ఉంటే అది నాలుగు భాగాల పిన్నుకే సిద్ధమైనది కాబట్టి ఈ సమస్య రాదు.

అసెంబుల్డ్ సిస్టమ్‌లో ముందు వైపు జాక్‌లు పలకకపోతే కారణం ఇంకా సాదాగా ఉండవచ్చు. ఆ జాక్‌ల నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే తీగను బిగించేటప్పుడు ఎవరూ తగిలించి ఉండరు. వెనక జాక్ పనిచేసి ముందుది పనిచేయకపోతే పెట్టె మూత తీసి చూడాలి.

ఫార్మాట్ కొట్టించాక పోయిన మైక్

కొత్త తరం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి తెర పై అంచున ఉన్న మైకులు పాత పద్ధతిలో కాక, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ వంటి ప్రత్యేక వ్యవస్థ ద్వారా ప్రాసెసర్‌తో మాట్లాడతాయి. విండోస్‌ను కొత్తగా ఎక్కించినప్పుడు దానితో వచ్చే సాధారణ డ్రైవర్ స్పీకర్లను నడిపిస్తుంది, ఈ మైకులను మాత్రం గుర్తించకపోవచ్చు. పాట వినిపిస్తోంది కాబట్టి సౌండ్ డ్రైవర్ ఉందని, కనుక మైకే కాలిపోయిందని తీర్మానించడం ఇక్కడే జరుగుతుంది. తయారీదారు వెబ్‌సైట్‌లో ల్యాప్‌టాప్ మోడల్ నంబరు కొట్టి, చిప్‌సెట్, ఆడియో డ్రైవర్లు రెండూ దించుకుని వేస్తే మైక్ జాబితాలోకి తిరిగి వస్తుంది. అప్‌డేట్ తర్వాత మైక్ పోతే డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లే వీలుంది.

ఆఫ్ చేసి ఆన్ చేయమన్న పాత సలహాకు విండోస్ 10, 11లలో ఒక సవరణ అవసరం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ కొడితే విండోస్ తన లోపలి భాగాన్ని, డ్రైవర్ల స్థితితో సహా, డిస్క్‌లో దాచుకుని మరుసటిసారి అక్కడి నుంచే మొదలుపెడుతుంది. అంటే చిక్కుకుపోయిన డ్రైవర్ చిక్కుకుపోయిన స్థితిలోనే తిరిగి లేస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా మొదటి నుంచి లోడవుతుంది. రాత్రి ఆపేసి పొద్దున వేసినా మారని సమస్య ఒక్క రీస్టార్ట్‌తో పోవడంలో మర్మం ఇదే.

అనుమతులు అనే కొత్త తూము

సౌండ్ పేజీలోని పట్టీ కదులుతున్నా యాప్‌కు మాట అందకపోవడం వెనక దశాబ్ద కాలంలో వచ్చిన మార్పులున్నాయి. ప్రోగ్రాములు చెప్పకుండా సంభాషణలు వినే ప్రమాదాన్ని అడ్డుకోవడానికి సాఫ్ట్‌వేర్ సంస్థలు ఒకదాని వెంట ఒకటి తాళాలు బిగించాయి. 2015 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 47 నుంచి, భద్రమైన కనెక్షన్ లేని వెబ్‌సైట్లకు మైక్ ఇవ్వడం ఆగింది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో, అప్పటిదాకా స్టోర్ యాప్‌లకే పరిమితమైన మైక్ అనుమతి బటన్ మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాములకూ వర్తించసాగింది. అంతకు ముందెప్పుడో దాన్ని ఆపి మరచిపోయిన వారికి అప్‌డేట్ మరునాడు మైక్ పనిచేయలేదు. అదే ఏడాది ఆపిల్ కూడా మాక్ మొజావేలో ఇటువంటి అనుమతి తెచ్చింది.

విండోస్ 11లో ఇవి మూడు బటన్లుగా ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోని మైక్రోఫోన్ పేజీలో ఉంటాయి: మొత్తం కంప్యూటర్‌కు ఒకటి, యాప్‌లకు ఒకటి, డెస్క్‌టాప్ యాప్‌లకు అడుగున మరొకటి. పై రెండూ ఆన్‌లో ఉండి మూడోది ఆఫ్‌లో ఉంటే కొన్ని యాప్‌లలో మైక్ పనిచేసి కొన్నింటిలో పనిచేయదు. చూసేవారికి ఇది మైక్ దాగుడుమూతలాడుతున్నట్టే ఉంటుంది.

బ్రౌజర్‌ది మరో అంచె. మైక్ వాడుకోవచ్చా అని వెబ్‌సైట్ అడిగినప్పుడు తొందరలో బ్లాక్ నొక్కితే బ్రౌజర్ ఆ జవాబును గుర్తుంచుకుంటుంది, మళ్లీ అడగదు. అడ్రస్ పట్టీకి ఎడమ పక్కనున్న గుర్తును నొక్కి అక్కడ మార్చాలి. అనేకమంది వచ్చిపోయే నెట్ సెంటర్లలో, డీటీపీ సెంటర్లలో ముందు కూర్చున్నవారు నొక్కిన బ్లాక్‌కు తర్వాత వచ్చినవారు ఫలితం అనుభవిస్తారు.

వినిపిస్తుంది, కానీ తేడాగా

పూర్తి నిశ్శబ్దం కంటే సగం పనిచేసే మైక్ నిర్ధారణకు కష్టం. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఇందుకు మంచి ఉదాహరణ. పాట వింటున్నంతసేపు అవి ఒకవైపు మాత్రమే నడిచే, నాణ్యమైన పద్ధతిలో ఉంటాయి. మైక్ తెరవగానే రెండు వైపులా మాట మోసే కాల్ పద్ధతికి మారతాయి. ఆ పద్ధతి పాత రూపంలో సెకనుకు 8,000 సార్లే ధ్వనిని కొలుస్తుంది, అంటే 4,000 హెర్ట్జ్‌కు పైనున్నదంతా రాలిపోతుంది. కొత్త రూపంలో 16,000 సార్లు. స కారం బలంలో ఎక్కువ భాగం ఆ పై భాగంలోనే ఉంటుంది. మనిషి చెవి సందర్భాన్ని బట్టి సరిదిద్దుకుంటుంది గానీ వాయిస్ టైపింగ్‌కు అంత వెసులుబాటు ఉండదు. అర్జీ చెప్పి రాయించడానికి ఖరీదైన బ్లూటూత్ కంటే సాదా తీగ హెడ్‌సెట్ మెరుగ్గా పనిచేయడానికి ఇదొక కారణం.

దూరం లెక్క కూడా చిన్నది కాదు. మైక్‌కు నోటికి మధ్య దూరం రెట్టింపయిన ప్రతిసారీ అందే ధ్వని స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గదిలోని ఫ్యాను, కూలర్ శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు మైక్ బూస్ట్ (సంకేతాన్ని పెంచే సెట్టింగ్) పెంచితే మాటతో పాటు కూలర్ కూడా పెరుగుతుంది. దగ్గరికి జరగడమే దీనికి సరైన మందు.

మాట వెనక ఆగని గుర్రుమనే మోత ఉంటే అనుమానం కరెంటు మీదికి పోవాలి. ఇక్కడి సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలోనూ, రెండు పిన్నుల ఛార్జర్ వాడినప్పుడూ ల్యాప్‌టాప్ లోహపు ఒంటిపై చేయి జారిస్తే సన్నగా జుమ్మనడం చాలామందికి తెలిసిందే. అదే లీకేజీ మైక్ సంకేతంలో మోతగా కలుస్తుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద మాట్లాడితే మోత ఆగిందంటే మైక్ నిర్దోషి, ఛార్జర్‌ను, ఇంటి వైరింగ్‌ను చూపించుకోవాలి.

దుమ్ము సంగతి వేరు. మిర్యాలగూడ వంటి రైస్ మిల్లుల పట్టణంలో ఊక ధూళి కీబోర్డు మీద ఎలా పేరుకుంటుందో మైక్ రంధ్రంలోనూ అలాగే పేరుకుంటుంది. మాట దూరం నుంచి, గోడ వెనక నుంచి వచ్చినట్టు ఉండడం దాని లక్షణం. రంధ్రంలో గుండుసూది పెట్టి కెలకడం మాత్రం వైద్యం కాదు, అడుగున ఉన్న సిలికాన్ పొర ఆ పోటుకు తట్టుకోదు. డబ్బాలో నింపి అమ్మే గాలిని బలంగా కొట్టినా అంతే. మెత్తని పొడి బ్రష్‌తో పైపైన తుడవడం చాలు. ఈ లోపు, ప్రైవసీ కోసం వెబ్‌క్యామ్‌కు అంటించిన ప్లాస్టిక్ మూత రంధ్రాన్ని కప్పేసిందేమో చూడడం అంతకంటే సులువు.

రొద తగ్గించే సదుపాయం గురించి ఒక మాట. మీటింగ్ యాప్‌లలోని ఈ భాగం మనిషి మాటకు దగ్గరగా ఉన్నదాన్ని ఉంచి, మిగిలినదాన్ని రొదగా లెక్కించి అణచివేస్తుంది. పోచంపల్లి ఇంట్లో మగ్గం చప్పుడు మధ్య ఇంటర్వ్యూ ఇచ్చేవారికి అది మేలు. ఆన్‌లైన్‌లో డప్పు నేర్పేవారికి అదే శత్రువు: దరువు మొదలవగానే ధ్వని తెగి తెగి పోతుంది, మైక్ పాడైందనిపిస్తుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే ఎంపిక ఇందుకోసమే ఉంది.

రానున్న చిక్కులు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టములు కొన్ని విండోస్ 11కు, అర్హత లేనివి కొన్ని లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారుతున్నాయి. రెండు మార్పులలోనూ డ్రైవర్లు, అనుమతులు కొత్తగా అమరాలి కాబట్టి మైక్ ఫిర్యాదులు కొంతకాలం పెరగడానికే అవకాశం ఎక్కువ. లైనక్స్‌లో అయితే ధ్వనిని పంచే వ్యవస్థే పల్స్‌ఆడియో నుంచి పైప్‌వైర్‌కు మారింది. పాత వీడియోలు చూసి సెట్టింగ్స్ మార్చేవారు ఆ వీడియో ఏనాటిదో ముందు చూసుకోవాలి.

రెండో మార్పు పిన్నులో వస్తోంది. 3.5 మిల్లీమీటర్ల జాక్ కొత్త ఫోన్లలో కనుమరుగవుతున్న కొద్దీ టైప్ సీ హెడ్‌సెట్లు పెరుగుతున్నాయి. వాటిలో ధ్వని చిప్‌ను తమలోనే పెట్టుకున్నవి ఒక రకం, తీగ మాత్రమే అయి ఎదుటి పరికరం మీద ఆధారపడేవి మరో రకం. రెండూ ఒకే రంధ్రంలో దూరుతాయి, బయటికి తేడా కనబడదు. మొదటి రకం ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ పరికరంలా జాబితాలో కనిపిస్తుంది, రెండో రకం చాలా ల్యాప్‌టాప్‌లలో అసలు గుర్తింపే పొందదు. నల్ల గీతలనైనా లెక్కపెట్టవచ్చు, ఇక్కడ లెక్కపెట్టడానికి గీతలు కూడా లేవు. కొనేముందు దుకాణంలోనే ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఇన్‌పుట్ జాబితాలో దాని పేరు వస్తోందో లేదో చూసుకోవడం ఒక్కటే ప్రస్తుతానికి నమ్మదగిన పరీక్ష.